ఏమున్నది? ఏం రాయాలె?

పోయిన వానాకాలం ఒక పొద్దున ఉప్పల్ చౌరస్తాలో ఘట్‌కేసర్ బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఒక అమ్మాయి గొంతు.

"సార్, నేను నాచారంల జిరాక్స్ షాపామె బిడ్డను. మా అమ్మ చనిపోయింది సార్. ఆదివారం చర్చిల జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. అమ్మ ఫోన్ల నంబర్లున్నోళ్లందరికి చెప్తున్నం."

బాధ కలిగింది. కానీ ఆ బాధలో ఒక పాలు 'అందరికీ' అన్న మాట వల్ల వచ్చిందని ఒప్పుకోవాలి. ఒక మనిషి పోయిందని తెలిసిన మొదటి నిమిషంలో కూడా అందులో నా స్థానం ఎక్కడుందో వెతుక్కునే రకం నేను. ఊరుకోలేక అడిగేశాను కూడా, "అమ్మ ఫోన్ల నా పేరు ఎట్ల ఉందమ్మా?" అని.

"పదకొండో ప్రశ్న అని ఉన్నది సార్," అంది ఆ అమ్మాయి. "పేరు లేదు."

ఈలోగా బస్సు వచ్చి వెళ్లిపోయింది. చౌరస్తాలో నిలబడి ఒక్కణ్నే నవ్వుకున్నాను, తర్వాత కళ్లు తుడుచుకున్నాను. పక్కనున్న పల్లీలబండి ఆయన నన్ను చూసి బండి కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

నేను పీహెచ్‌డీ చేసినవాణ్ని. నా థీసిస్ పేరు 'నగర శివారు ప్రైవేటు పాఠశాలల్లో విద్య, పక్షపాత ధోరణులు, సామాజిక రాజకీయ అసమానతలు: ఒక అధ్యయనం'. ఈ పేరు కుదరడానికే ఏడాది పట్టింది. ఆ అధ్యయనం వల్ల లోకంలో అసమానత ఎక్కడైనా తగ్గిన దాఖలా నాకు కనిపించలేదు. ఒక్క ఇంట్లో మాత్రం పెరగబోయింది. ఆ జిరాక్స్ షాపామె కూతురికి సర్కారు రెసిడెన్షియల్ కాలేజీలో వచ్చిన ఇంటర్ సీటు నా చేతిరాత వల్ల ప్రమాదంలో పడింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నాను. పేరూ వీధీ వద్దంది, ఒకట్రెండు సంగతులు మార్చమంది, మార్చాను. ముందు అడగడం అనేది నాకు చాలా ఆలస్యంగా అబ్బిన విద్య.

నాచారంలో ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డు మీద ఒక సందు మలుపులో ఆమె దుకాణం. ఒకే షట్టరు. లోపల ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, ఒక లామినేషన్ డబ్బా, నాలుగు కుర్చీలు. జిరాక్సు అనేది పేరుకే. జనం అక్కడికి వచ్చేది ఫారాలు నింపించుకోవడానికి. రేషన్ కార్డు, స్కాలర్‌షిప్పు, పింఛను, బడిలో అడ్మిషను, ఏదైనా సరే. ఉప్పల్ నుంచి, మల్లాపూర్ నుంచి, అంబర్‌పేట్ నుంచి కూడా ఆటో కట్టుకొని వచ్చేవాళ్లు. "ఆమె నింపితే వాపస్ రాదు" అని పేరు.

మనిషి పొట్టి. కళ్లద్దాలకు రెండువైపులా దారం కట్టి మెడలో వేసుకునేది. ఫారం చేతికిస్తే అందరిలా పైనుంచి చదివేది కాదు. అడుగు నుంచి మొదలుపెట్టి పైకి పోయేది. ఎందుకని ఒకసారి అడిగితే, "సంతకం ఎక్కడున్నదో ముందుగాల సూడాలె. సంతకం పెట్టినంక మీద ఏముంటే ఏం ఫాయిదా?" అంది. అప్పటికి నేను ఏడెనిమిది కాంట్రాక్టు ఉద్యోగాల కాగితాల మీద పైనుంచి కూడా చదవకుండా సంతకాలు పెట్టి ఉన్నాను.

ఆమె నింపే పద్ధతి వేరు. మొదట పెన్సిలుతో నింపేది. ప్రతి గడి దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు అడిగేది: "ఏమున్నది?" తర్వాత, "ఏం రాయాలె?"

ఒక తాపీమేస్త్రిని పుట్టినరోజు అడగడం నేను విన్నాను.

"ఏమున్నది?"

"పెద్ద గాలివాన అచ్చిన ఏడు పుట్టిన్నట అక్కా. మా అవ్వ చెప్తది."

"ఏం రాయాలె?"

"ఆధార్ల ఒకటి జనవరి ఉన్నది."

ఆమె ఒకటి జనవరి అని రాసింది. ఇంకో ఆవిడకు చర్చి సంఘంలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, పుట్టింట్లో పిలిచే పేరు ఇంకొకటి. మూడూ ఓపికగా విని, ఏది రాయాలో ఆవిడ చేతే చెప్పించి రాసింది. అంతా అయ్యాక, "ఇంటికి తీస్కపోయి చదివిచ్చుకో, రేపు రా, పెన్ను పెడ్త" అని కాగితం చేతిలో పెట్టేది. మర్నాడు వాళ్లు వచ్చి సరే అంటేనే పెన్నుతో దిద్ది, రబ్బరుతో పెన్సిలు గీతలు తుడిచేది. కౌంటరు మీద ఎప్పుడూ రబ్బరు పొట్టు ఉండేది.

నేను ఆ దుకాణానికి మొదటిసారి వెళ్లింది పద్నాలుగు పేజీల ప్రశ్నావళి పట్టుకొని. నూరు కాపీలు కావాలన్నాను. మిషను తిరుగుతుంటే ఆమె ఒక కాపీ తీసుకొని, తన అలవాటు ప్రకారం పద్నాలుగో పేజీ నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టింది. నాకు గర్వంగా ఉంది. నా ప్రశ్నావళిని పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆమె. మా గైడు గారు కూడా మూడో పేజీలోనే 'ప్రొసీడ్' అని రాసేశారు.

"సారు, గీ పదకొండో ప్రశ్న అడిగితె ఎవ్వరింట్ల మీకు చాయ్ గూడ పొయ్యరు," అంది.

పదకొండో ప్రశ్న నాకు ప్రాణం. 'పాఠశాలలో మీ పిల్లలు కులపరమైన వివక్షను ఎదుర్కొన్నారా? ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ.' అయిదు గడులు. దీన్ని తయారుచేయడానికి రెండు వర్క్‌షాపులకు హాజరయ్యాను.

"ఎందుకండీ? అందరికీ అర్థమయ్యే భాషే కదా?" అన్నాను పుస్తకం తెలుగులో.

"మీరు ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తరా?"

నాది కరీంనగర్ పక్క పల్లె. పరిశోధన మొదలుపెట్టినప్పటి నుంచి నా నోట్లోంచి ఎవరో న్యూస్‌రీడరు మాట్లాడుతున్నాడు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"నన్ను అడుగుండ్రి," అంది ఆమె కళ్లద్దాలు తీసి. "మా ఊళ్లె బడిల సారు హాజరు ఏసెటోడు. ముందు బల్లలోళ్లను పేరు పెట్టి పిలిచెటోడు. ఎన్క కూసున్న మా దగ్గరికొచ్చేసరికి పేర్లు సదివెటోడు కాదు. వేలు సూపించి లెక్కబెట్టెటోడు. ఒకటి, రెండు, మూడు... ఏడుగురు, వచ్చిన్రు, అని రాసుకునెటోడు. అయిదో తరగతి దాకా నా పేరు ఆయిన నోట్ల నేను ఇనలే. ఒక్క దెబ్బ గొట్టలే, ఒక్క మాట అనలే. మరి సారు, గిది అరుదుగానా, తరచుగానా? ఏ డబ్బల టిక్కు పెడ్తరు?"

మంచి పరిశోధకుడైతే అక్కడే కూలబడి ఆ ప్రశ్నావళిని చించి పారేసేవాడు. నేను బాగా ఆలోచించి, "ప్రతిరోజూ జరిగింది కాబట్టి ఎల్లప్పుడూ కిందికి వస్తుంది," అన్నాను.

ఆమె మిషనులో కాగితాలు సర్దడానికి వెళ్లిపోయింది. అటు తిరిగి ఉండగానే అడిగింది, "మీకు రూము ఎట్ల దొరికింది సారు?"

ఉప్పల్‌లో మెట్రోకు దగ్గర్లో రూము. అయిదు నిమిషాల్లో దొరికింది. ఇంటి ఓనరమ్మ నా ఇంటిపేరు అడిగింది, చెప్పాను. "ఓ, మనోళ్లే" అని తాళంచెవి ఇచ్చేసింది. ఆ రూములోనే కూర్చొని, ఆ తాళంచెవి పక్కనే పెట్టుకొని, అద్దె ఇళ్లలో కులం గురించి నలభై పేజీలు రాశాను. బాగా వచ్చాయని అందరూ అన్నారు.

"ఫ్రెండ్ చెప్పాడు," అని అబద్ధమాడాను.

మొదటి రెండు నెలలూ బస్తీలో ఇల్లిల్లూ తిరిగాను. పదకొండో ప్రశ్నకు అందరూ 'ఎప్పుడూ లేదు' అనే చెప్పారు. నా లెక్క ప్రకారం నాచారంలో వివక్ష పూర్తిగా నశించింది. మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లి మొరపెట్టుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక రమ్మంది. చర్చి బయట వేపచెట్టు కింద నలుగురు ఆడవాళ్ల ముందు నన్ను నిలబెట్టి పరిచయం చేసింది.

"గీ పిలగాడు ఇంక సదువుకుంటనే ఉన్నడు. ముప్పై ఒకటి దాటినయి, నౌకరి లేదు, పెండ్లి గాలే. గీ కాయితాలు నిండితెనే పాస్ అయితడట. జర మనసున వెట్టి చెప్పుండ్రి."

ఆడవాళ్లు 'అయ్యో బిడ్డా' అన్నారు. ఆ తర్వాత తలుపులన్నీ తెరుచుకున్నాయి. నా థీసిస్‌లో 'సమాధానదాతలతో నమ్మకపూరిత సంబంధం నెలకొల్పబడింది' అని ఒక వాక్యం ఉంది. నెలకొల్పబడింది ఈ విధంగానే. ఆ రోజు నుంచి ఆమె నన్ను సారు అనడం మానేసి తమ్మీ అని పిలిచింది. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన రోజుకంటే ఆ రోజే నేను ఎక్కువ సంతోషించాను.

ఇక నేను చేసిన పని.

ఆమె కూతురు అప్పుడు పదో తరగతి. నేను సర్వే చేస్తున్న బళ్లలో ఒకదానిలోనే చదివేది. తల్లీ కూతురూ ఇద్దరే. ఆ పిల్లకు నర్సు కావాలని. దానికి మొదటి మెట్టు, ఎస్సీ కోటాలో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సీటు. ఊళ్లో అందరి ఫారాలూ నింపే ఆమె తన బిడ్డ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైలులో ఒకటో తరగతి నుంచి దాచింది. ఎక్కడా ఒక అక్షరం తేడా లేకుండా.

ఒకరోజు వాళ్లింటికి సర్వేకి వెళ్లాను. ఆమె లోపల చాయ్ పెడుతోంది. నేను పద్నాలుగు పేజీలూ బయటపెట్టి, తెలిసినవి నేనే నింపేస్తే ఆమెకు శ్రమ తగ్గుతుంది కదా అనుకున్నాను. మతం అనే గడి దగ్గర తలెత్తి చూశాను. గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, దాని పక్కన ఏసుక్రీస్తు పటం. టిక్కు పెట్టేశాను. అరనిమిషం కూడా పట్టలేదు. మిగతా ఇళ్లలోనూ అంతే చేశాను. చాయ్ తెచ్చిన ఆమె నా చేతిలో పెన్ను చూసి, "పెన్సిల్‌తోటి రాసుకోరాదు తమ్మీ," అంది.

"డేటా పెన్సిల్‌తో రాయకూడదక్కా. రూల్," అన్నాను.

నిజంగానే రూలు ఉంది.

తర్వాత కంప్యూటరులో చూస్తే కొందరు పిల్లల విషయంలో బడి రిజిస్టరు ఒకటి చెబుతోంది, నా సర్వే ఇంకొకటి చెబుతోంది. రిజిస్టరులో హిందూ, ఎస్సీ. నా దగ్గర క్రైస్తవ. గైడు గారు 'సరిచూడుము' అని రాశారు. ఆ తేడా ఎందుకుంటుందో నాకు తెలియదా అంటే, బాగా తెలుసు. ఎస్సీలు కాగితం మీద క్రైస్తవులైతే ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు, బీసీ-సి కింద వేస్తారు. దేవుడు మారితే కాగితం మారుతుంది కానీ బడిలో కూర్చోబెట్టే బల్ల మారదు. దీని మీద నేను ఒక అధ్యాయమే రాశాను, ఫుట్‌నోట్లతో సహా. అంత రాసి కూడా, తేడా వచ్చిన పిల్లల పేర్లన్నీ ఒక జాబితాగా టైపు చేసి, డిపార్టుమెంటు లెటర్‌హెడ్ మీద 'దయచేసి ధ్రువీకరించగలరు' అని రాసి, ముద్ర వేయించి, బడి కరస్పాండెంటుకు ఇచ్చి వచ్చాను. చదివిందంతా నా థీసిస్‌లో ఉంది. పని చేసేటప్పుడు చేతికి రాలేదు.

కరస్పాండెంటు భయస్థుడు. యూనివర్సిటీ నుంచి ముద్రతో కాగితం వచ్చిందంటే ఎంక్వైరీ అనుకున్నాడు. ఆ సాయంత్రమే రిజిస్టరు తీసి, నా జాబితా ప్రకారం ఎర్రసిరాతో అన్నీ దిద్దేశాడు. నాకు ఫోన్ చేసి, "క్లియర్ చేసినం సార్," అన్నాడు. థాంక్స్ చెప్పాను. డేటా శుభ్రమైందని ఆ రోజు బిర్యానీ తిన్నాను.

పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లకు మంచి మార్కులు, సీటు కూడా వచ్చింది. తర్వాత ఒక సోమవారం ఆమె నుంచి ఫోన్.

"సారు, జర దుకాణం కాడికి రాండ్రి."

తమ్మీ కాదు, మళ్లీ సారు. వెళ్లాను. కౌంటరు మీద రబ్బరు పొట్టు తుడిచేసి, అక్కడ ఒక్కటే కాగితం పెట్టింది. బిడ్డ టీసీ. మతం అన్నచోట క్రైస్తవ.

"కుల సర్టిఫికెట్ల ఒకటి, టీసీల ఒకటి ఉంటే వెరిఫికేషన్ల పక్కకు పెడ్తరు," అంది. "శుక్రారం ఆఖరి తేదీ. బడిల అడిగితె యూనివర్సిటీ సారు రాసిచ్చిండు అన్నరు."

అరిస్తే బాగుండేది. ఇంకొకాయన పింఛను ఫారం పట్టుకొని వస్తే, ఆయన వైపు తిరిగి, "ఏమున్నది?" అని మొదలుపెట్టింది. నేను మెల్లగా బయటికి వచ్చాను.

బడికి పరుగెత్తాను. కరస్పాండెంటు నా లెటరు తీసి చూపించాడు. "మీ కాయితం జూసే మార్చినం సార్. తప్పయిందని ఇంకో కాయితం ఇయ్యుండ్రి, ఇప్పుడే వేరే టీసీ రాసిస్త." అంతే. ఒక్క కాగితం చాలు. అక్కడే పెన్ను తీసి రాసేయొచ్చు.

నేను గైడు గారికి ఫోన్ చేశాను. ఆయన, "నీ డేటా నిజమేగా? నిజమైనదాన్ని తప్పని ఎలా రాస్తావు? ఆలోచించుకో," అన్నారు. అంతే, ఆలోచనలో పడ్డాను. ఆలోచించమంటే నాకంటే బాగా ఆలోచించేవాడు లేడు. మంగళవారం పరిశోధనా నైతికత మీద మూడు వ్యాసాలు చదివాను. బుధవారం ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు 'సత్యనిష్ఠ', రెండోవైపు 'సామాజిక బాధ్యత' అని శీర్షికలు పెట్టి పాయింట్లు రాసుకున్నాను. సత్యనిష్ఠ వైపు రెండు పాయింట్లు ఎక్కువ వచ్చాయి. అక్కడ ఒక పిల్ల పెట్టె సర్దుకొని, అమ్మ ముఖం చూస్తూ కూర్చుని ఉంది. ఆ సంగతి ఏ వైపునా రాసుకోలేదు.

గురువారం పొద్దున పది దాటాక కింద గేటు చప్పుడైంది. బాల్కనీలోంచి చూస్తే ఆమె. గేటు లోపల మా ఓనరమ్మ.

"ఎవరు గావాలె?"

"మీద ఉండే రీసర్చ్ సారు."

"మీరు ఏంటోళ్లు?" అంది ఓనరమ్మ. కులం అడిగే ఆ ప్రశ్న ఆవిడ పాలవాణ్ని, కొరియరు అబ్బాయిని కూడా అడిగేది. నాకు వినబడుతూనే ఉంది. పరుగెత్తుకొని దిగాను. దిగుతూ ఏం చెప్పాలో ఆలోచించాను. ఆమె నాకు అక్క అని చెప్పొచ్చు. నా చదువంతా ఈమె పెట్టిన భిక్ష అని చెప్పొచ్చు. లోపలికి రండక్కా అని గేటు తీయొచ్చు.

"జిరాక్స్ ఆమె ఆంటీ. పేపర్లు తెచ్చింది," అన్నాను.

"సరే, గేటు కాడనే తీస్కో," అంది ఓనరమ్మ.

గేటు దగ్గరే తీసుకున్నాను. వరండాలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె ఎండలో నిలబడి ఉంది. నేను లోపలివైపు, ఆమె బయటివైపు. పక్షపాత ధోరణుల మీద నాలుగేళ్లు చదివినవాణ్ని, ఒక ఓనరమ్మ ముఖం మాడుతుందేమోనని ఆమెను కుర్చీలో కూర్చోమనలేకపోయాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆమెకు అంతా తెలిసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం మాత్రం లేదు. నాకు అదే ఎక్కువ బాధ.

"కాయితం రాసిన్రా సారు?"

"నేను అబద్ధం రాయలేనక్కా," అన్నాను. ఎంత ఉదాత్తంగా ఉందో ఆ మాట అని అప్పుడు కూడా ఒక మూల అనిపించింది.

"అబద్ధం ఎవలు రాయమన్నరు?" అంది ఆమె. "మీరు మా ఇంటికొచ్చిన్నాడు నా మతమేందని నన్ను అడిగిన్రా?"

"లేదు."

"నా బిడ్డను అడిగిన్రా?"

"లేదు."

"మరి మీకెట్ల దెల్సింది?"

"గోడకు క్యాలెండర్ చూసి రాసిన," అన్నాను. భయంలో నా అసలు భాష బయటికొచ్చింది.

"గదే రాయుండ్రి. ఉన్నదున్నట్టు రాయుండ్రి."

గేటు పక్కనున్న స్కూటరు సీటు మీద కాగితం పెట్టుకొని రాయడం మొదలుపెట్టాను. 'క్షేత్రపర్యటనలో సంభవించిన అనవధానత వలన' అని రాస్తుంటే, "అవన్నీ తీసెయ్యుండ్రి. గవి ఎవలకు తెల్వయి," అంది. ఆమె చెబుతుంటే రాశాను. 'నేను ఎవరినీ అడగకుండా, గోడ మీద క్యాలెండరు చూసి, మతం నేనే రాసుకున్నాను. తర్వాత కూడా ఎవరినీ అడగకుండా ఆ పేర్లు బడికి ఇచ్చాను. నా జాబితాను నమ్మి రిజిస్టరు మార్చవద్దు, పాతది పాతట్లనే ఉంచగలరు.' మూడు వాక్యాలు. ఒక్కదానిలోనూ అబద్ధం లేదు. రెండు రోజులు మూడు వ్యాసాలు చదివినా నాకు దొరకని దారి ఆమెకు ఎండలో నిలబడి ఉండగా దొరికింది. ఆ జాబితాలో ఉన్న మిగతా పిల్లల పేర్లు కూడా ఆమే గుర్తుచేసి రాయించింది. నాకు తట్టలేదు.

కాగితం తీసుకొని కింద సంతకం చూసి, ఆ తర్వాత పైకి చదువుకొని, మడిచి సంచిలో పెట్టుకుంది.

"నీళ్లు తాగుతారా అక్కా?" అన్నాను అప్పుడు.

"దుకాణం బందున్నది సారు. పోవాలె."

ఆ మధ్యాహ్నమే వేరే టీసీ వచ్చింది. శుక్రవారం వెరిఫికేషన్ అయింది. పిల్ల కాలేజీలో చేరింది. నేను ఆ ఓనరమ్మ ఇంట్లోనే ఇంకో రెండేళ్లు ఉన్నాను. నిరసనగా ఖాళీ చేద్దామని చాలాసార్లు గట్టిగా అనుకున్నాను. కానీ మెట్రో బాగా దగ్గర.

థీసిస్‌లో ఆ మతం గడి మొత్తం తీసేసి, 'సమాధానదాతలు తమ గురించి తాము చెప్పుకున్నదే ప్రామాణికంగా స్వీకరించబడింది' అని రాశాను. వైవా రోజు బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు ఆ ఒక్క వాక్యం చదివి, ఈ సున్నితత్వం అరుదు అని మెచ్చుకున్నారు. తలవంచి స్వీకరించాను. కృతజ్ఞతల పేజీలో గైడు గారున్నారు, లైబ్రరీ సిబ్బంది ఉన్నారు, సౌకర్యవంతమైన వసతి కల్పించిన ఓనరమ్మ కూడా ఉంది. జిరాక్స్ షాపామె లేదు. పేరు రాస్తే ఆమెకు ఇబ్బంది అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి గుర్తురాలేదు.

అయిదు కాపీలు బైండింగు చేయించింది మాత్రం ఆమె దగ్గరే. "మంచిగ వచ్చింది సారు," అంది. థీసిస్ గురించి కాదు, బైండింగు గురించి. మళ్లీ తమ్మీ అని ఎప్పుడూ పిలవలేదు. కోపం కూడా చూపలేదు. ఆ తర్వాత నాకు ఘట్‌కేసర్ వైపు కాలేజీలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. బస్సు నాచారం మీదుగా పోదు కదా అని సాకు దొరికింది, వెళ్లడం మానేశాను. అట్లా అయిదేళ్లు.

ఆదివారం కూడికకు బయల్దేరాను. ఈసారి తప్పించుకోకూడదు, అందరి ముందూ నిలబడి చేసిన తప్పు చెప్పేసుకోవాలి అనుకున్నాను. దారిపొడుగునా మనసులో మాటలు దిద్దుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పూడుకుపోవాలో కూడా చూసుకున్నాను. నాచారం వచ్చేసరికి ప్రసంగం చాలా బాగా తయారైంది.

చర్చి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె ఫోటోకు తెల్లపూల దండ. చాలామందే వచ్చారు. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెబుతున్నారు, ఆమె నింపిన ఫారం వల్ల ఎవరి పింఛను వచ్చిందో, ఎవరి పిల్ల బడిలో చేరిందో. పాస్టరు గారు నావైపు చూసి, డాక్టరు గారు కూడా రెండు మాటలు చెబుతారన్నారు. లేవబోతుంటే ఆ అమ్మాయి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు పెద్దదైంది. అచ్చం అమ్మ పోలికే.

"వందనాలు సార్. ఒక్క మాట," అంది మెల్లగా. "ఆ టీసీ ముచ్చట చెప్పకుండ్రి. నాకు స్టాఫ్ నర్సు సెలెక్షన్ అయింది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఇంక గాలే. ఎవలు యాడ ఉంటరో తెల్వదు."

"క్షమాపణ అడుగుదామనుకున్నమ్మా," అన్నాను.

"అమ్మ ఉన్నప్పుడు అడిగిన్రా సార్?"

"లేదు."

"మరి గిప్పుడు నా మీదికెందుకు సార్?" అంది. విసురుగా అనలేదు. ఒక ఫారంలో తప్పు చూపించినట్టు చూపించింది. లేచి వెళ్లి మొదటి వరుసలో కూర్చుంది.

మైకు చేతికొచ్చింది. క్లాసులో నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడేవాణ్ని. తయారుచేసుకున్న ప్రసంగం గొంతు దాకా వచ్చి ఉంది. చెబితే నా బరువు దిగిపోతుంది, జనం నన్ను మెచ్చుకుంటారు కూడా. మొదటి వరుసలో ఆ అమ్మాయి ఒళ్లో రెండు చేతులూ గట్టిగా పట్టుకొని నన్నే చూస్తోంది.

"ఆమె మంచి మనిషి. అందరికి ఫారాలు నింపేది," అన్నాను.

పాస్టరు గారు ఇంకేదో చెబుతానని ఎదురుచూశారు. వెనకాల ఎవరో, గింతేనా, అన్నారు. మైకు పక్కాయనకు ఇచ్చి కూర్చున్నాను. అప్పుడు ఆ అమ్మాయి చేతులు వదిలి, కొంగుతో కళ్లు తుడుచుకొని, అమ్మ కోసం ఏడవడం మొదలుపెట్టింది.